పోలమ్మరేవులో ఫ్రాన్సు రిహార్సలు

ఫ్రాన్సు దేశం నేను చూడలేదు. చూడబోయేదీ లేదు. కానీ ఓన్‌ఫ్లర్ నుంచి సాన్ మాలోకి ఎన్ని కిలోమీటర్లో, అక్కణ్ణుంచి లా రోషెల్‌కి వ్యానులో ఎంతసేపు పడుతుందో, దారిలో ఏ ఊళ్ళో ఆగితే భోజనం దొరుకుతుందో నిద్రలో లేపి అడగండి, చెప్తాను. ఆ ప్రయాణానికి ప్లాను గీసింది నేనే. వెళ్ళేవాళ్ళ జాబితాలో లేని పేరూ నాదే. ముప్ఫయ్యొక్కేళ్ళ సర్వీసు చేసినదాన్ని, ఇందులో వింతేమీ లేదని నాకు బాగా తెలుసు.

మాది తీరపట్టణాల వారసత్వ రక్షణ మండలి. ఆఫీసు పోలమ్మరేవులో, సముద్రానికి ఎదురుగా ఓ పాత బంగళాలో ఉంది. నా పేరు శేషారత్నం, సూపరింటెండెంటుని. మండలి రక్షించాల్సిన వారసత్వం నా కుర్చీలో కూచుంటే కిటికీలోంచే కనబడుతుంది. ఒకప్పుడు ఈ రేవులో వ్యాపారం చేసిన దొరలు కట్టిన రాతిగోడ అది. మూడువందల గజాల పొడవు, రెండు నిలువుల ఎత్తు, పైన ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు. గోడకి అవతల సముద్రం. ఇవతల జాలరిపేట, నలభై ఇళ్ళు.

పదేళ్ళుగా ఆ గోడ మూడు చోట్ల కూలిపోయి ఉంది. మొదటి గండికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఇల్లు గరికిన ముత్యాలమ్మది. నిరుడు తుఫానులో ఆ పక్కనే ఉన్న ఆమె ఆడపడుచు ఇల్లు పోయింది. పోయిందంటే గోడలు పడిపోవడం కాదు. మర్నాడు చూస్తే ఇల్లున్న చోట చదునైన ఇసుక ఉంది, అంతే. ఈసారి వంతు తనదేనని ముత్యాలమ్మకి తెలుసు. మాకూ తెలుసు.

తొమ్మిదేళ్ళుగా ఆమె ప్రతి సోమవారం ఒక అర్జీ తెచ్చి నా బల్ల మీద పెడుతోంది. తొమ్మిదేళ్ళుగా నేను దానికి రసీదు ఇస్తున్నాను. గోడ వారసత్వ జాబితాలో ఉంది మరి. పూర్వం ఎక్కడో ఎవరో ఓ పురాతన కట్టడానికి సిమెంటు పూసి గులాబీ రంగు వేశారట. అప్పట్నుంచీ ఒక నిబంధన పెట్టారు. జాబితాలోని కట్టడాన్ని ‘విదేశములయందలి పరిరక్షణ పద్ధతులను కన్నులారా పరిశీలించిన అధికారుల’ సమక్షంలో తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. మా అధికారుల కన్నులు విదేశాలను పరిశీలించలేదు. ఒకసారి పేటవాళ్ళే ఏకమై, పడిపోయిన రాళ్ళను ఎత్తి పెట్టబోతే నోటీసు ఇచ్చాం. ఆ నోటీసు రాసిందీ నేనే. దస్తూరీ బాగుంటుందని ఇలాంటివన్నీ నాకే ఇస్తారు.

ఇలా ఉండగా కొత్త డైరెక్టరుగా విరూపాక్షరావు గారొచ్చారు. వచ్చిన మూడో రోజునే మమ్మల్నందర్నీ పిలిచి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, గంభీరంగా ప్రకటించారు.

“మిత్రులారా! పరిరక్షణ అనునది కుర్చీలో కూర్చుని సాధించునది కాదు. సముద్రతీరమందలి చారిత్రక పట్టణములను ఫ్రాన్సు దేశము ఏ విధముగా కాపాడుకొనుచున్నదో మనము స్వయముగా దర్శించవలసియున్నది. అయిదు రోజులు, మూడు పట్టణములు, ఒక వ్యాను, ఆరుగురు అధికారులు.”

“డ్రైవరో సార్?” అన్నాడు డ్రైవరు గౌరీసు, గుమ్మం దగ్గర్నుంచి.

“ప్రభుత్వ అధికారులు ప్రభుత్వ డ్రైవరు లేనిదే కదలరాదు. నీవును వచ్చుచున్నావు.”

గౌరీసు ఆ సాయంత్రమే స్వెట్టరు కొనుక్కున్నాడు. మర్నాటికి ఆరుగురు అధికారులూ కొనేశారు. పోలమ్మరేవులో స్వెట్టర్లమ్మే కొట్టు ఒక్కటే ఉంది. అందుకని అందరివీ ముదురాకుపచ్చవే.

నిజం చెప్పొద్దూ, నాకూ సరదా వేసింది. పటాలు తెప్పించాను. మొదటి రోజు ఓన్‌ఫ్లర్. పాత రేవు చుట్టూ సన్నగా, పొడుగ్గా నిలబడ్డ ఇళ్ళు, ఓడలు కట్టే వడ్రంగులు చేసిన చెక్క చర్చి. తర్వాత సాన్ మాలో. ఊరు చుట్టూ రాతిగోడ, గోడకి మొహం ఆనించి సముద్రం. ఆ గోడ బొమ్మ చూసి చాలాసేపు అలాగే కూచున్నాను. అచ్చం మన గోడే. కాకపోతే ఒక్క రాయి కూడా ఊడలేదు. చివరికి లా రోషెల్, రేవు నోటికి అటొక బురుజు, ఇటొక బురుజు. అయిదు రోజుల్లో ఏ గంటకి ఎక్కడ నిలబడాలో, ఏ వైపు చూసి ‘ఆహా’ అనుకోవాలో కూడా వేశాను. పన్నెండు పేజీలొచ్చింది.

ప్లాను రాజధానికి పంపాం. పదిహేను రోజులకి దాని మీద ఒక ఉత్తర్వు కూచుని తిరిగొచ్చింది. చేపల బజార్లు పరిశీలించడానికి నిరుడు ఇంకేదో శాఖవాళ్ళు విదేశం వెళ్ళి, దారి తప్పి, రెండ్రోజులు ఒక పెళ్ళివారింట్లో ఉండిపోయారట. అందుచేత ఇకమీదట ‘ప్రతి విదేశీ పర్యటనను, బయలుదేరుటకు పూర్వము, సదృశ పరిస్థితులలో, ఆద్యంతము, ఎట్టి మార్పునకు తావులేకుండ స్వస్థలమునందు రిహార్సలు చేయవలెను. రిహార్సలు సంతృప్తికరమని పరిశీలకుడు ధ్రువీకరించిననాడే పాస్‌పోర్టులు విడుదల చేయబడును.’

పరిశీలకుడిగా ఏకాంబరం గారనే ఆయన్ను పంపారు. సన్నటి మనిషి, లావుపాటి పుస్తకం. వస్తూనే నా పన్నెండు పేజీలూ చదివి, “మొదటి అంశం. ఫ్రాన్సులో వాహనము రోడ్డునకు కుడి పక్కగా నడుచును. చేయించండి” అన్నారు.

నేను సీఐ గారికి ఫోను చేశాను. ఆయన ఓపిగ్గా విన్నారు. “మేడం, అంతా బానే ఉంది గానీ, ఎదురుగా వచ్చే లారీకి ఇది రిహార్సలని ఎవరు చెప్తారండీ?” అన్నారు. సబబుగానే తోచింది. అందుకని రిహార్సలు సముద్రపు ఒడ్డుకి మార్చాం. ఇసుకలో తాళ్ళు పరిచి రోడ్డు గీశాం. మా సెక్షను గుమస్తాలంతా వలచుట్టలు భుజాన వేసుకుని ఎదురుగా వచ్చే ట్రాఫిక్కు వేషంలో నడిచారు. గౌరీసు ఆకుపచ్చ స్వెట్టరులో చెమటలు కక్కుకుంటూ అరమైలు కుడి పక్కన బ్రహ్మాండంగా నడిపాడు. తర్వాత కుడి పక్కన సముద్రం వచ్చింది.

ముందు చక్రాలు రెండూ తడి ఇసకలో కూరుకుపోయాయి. లోపల ఆరుగురు అధికారులూ ఓన్‌ఫ్లర్ రేవు వైపు చూసి ‘ఆహా’ అనుకుంటున్న సమయం అది. పేటవాళ్ళు పరుగెత్తుకొచ్చి, వ్యానుకి, ఒడ్డు మీంచి లాగే అలివి వల తాడు కట్టి, పాట పాడుతూ ఒడ్డుకి లాగారు. అందరికంటే ముందు తాడు పట్టింది ముత్యాలమ్మ. అరవై ఏళ్ళ మనిషి, చేతులు ఇనుము.

“ఏటి బాబూ ఈ పని? సముద్రంలోకి కారు తోలీసినారేటి?” అంది.

ఏకాంబరం గారు పుస్తకం తెరిచి ఆమెను పైనుంచి కిందికి చూశారు. “ఎవరీమె? ఫ్రాన్సులో స్థానికులు తెలుగు మాట్లాడరు కదా?”

డైరెక్టరు గారు తడి బూట్లతోనే సర్దుకున్నారు. “అవశ్యం. స్థానిక ప్రజల పాత్ర కూడా రిహార్సలు కావలె. శేషారత్నం గారూ, పేటవారిని ఫ్రెంచి పౌరులుగా నియమించండి. మనమేమి అడిగినను వారికి అర్థము కారాదు.”

ముత్యాలమ్మకి నేను విడమరిచి చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని పకాలున నవ్వింది. “అంతేనేటమ్మా! తొమ్మిదేళ్ళు మీరు మా మాట ఇనపడనట్టు లేరేటి? అలగే ఉంటాం, అదేటంత కష్టం!”

నాకు తల కొట్టేసినట్టయింది. డైరెక్టరు గారు మాత్రం ‘స్థానికుల సహకారము శ్లాఘనీయము’ అని రాయించారు.

మూడో రోజు సాన్ మాలో. నా ప్లానులో పద్నాలుగో అంశం ఏమిటంటే, ఉదయం పది గంటలకి అధికారులు ప్రాకారం ఎక్కి, ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూ సముద్రాన్ని అవలోకిస్తారు. పోలమ్మరేవులో ప్రాకారమంటే ఒక్కటే ఉంది. అందరూ మన గోడే ఎక్కారు. ముందు డైరెక్టరు గారు, వెనక మిగతావాళ్ళు, ఆఖర్న గౌరీసు. అరవై గజాలు హుందాగా నడిచారు. అక్కడ మొదటి గండి. డైరెక్టరు గారు ఆగారు. వెనకవాళ్ళు ఒకరి వీపుకి ఒకరు తగిలి ఆగారు.

“ముందుకు సాగండి” అన్నారు ఏకాంబరం గారు కిందనుంచి.

“ముందుకు గోడ లేదు కదండీ” అన్నాను నేను.

“ప్లానులో ఉన్నది.”

“ప్లానులో ఉన్నది సాన్ మాలో గోడ. ఇది పోలమ్మరేవు గోడ.”

“సదృశ పరిస్థితులు లేనిచో రిహార్సలు చెల్లదు” అని ఏకాంబరం గారు పుస్తకంలో అడ్డంగా ఓ గీత గీశారు. “విఫలము.”

డైరెక్టరు గారి మొహం చూడాలి! గోడ దిగొచ్చి రాళ్ళ గుట్ట మీద కూలబడ్డారు. ఆరుగురి స్వెట్టర్లూ చుట్టూ చేరాయి. గండి ఎదురుగా తన అరుగు మీద చేపలు తోముకుంటున్న ముత్యాలమ్మ, ఫ్రెంచి పౌరురాలినన్న సంగతి మర్చిపోయి నన్ను కేకేసింది.

“రత్నమ్మా! ఆ దేసంలో గోడ బాగుంటాదేటి?”

“బాగుంటుంది. చక్కగా బాగుచేసి ఉంటుంది.”

“మరి పాడైపోయిన గోడ మీద మంచిగోడ నడక ఎలగ నేర్సుకుంటారు? కాళ్ళిరిగిపోవూ?” కత్తి పక్కన పెట్టి లేచొచ్చింది. “ముందు రియల్సలుకి గోడ సెయ్యండి. నడక తరవాత. నాటకానికైనా తెర కట్టుకోమేటి?”

డైరెక్టరు గారు మెల్లిగా తలెత్తారు.

“కానీ దీనిని ముట్టరాదు కదా. మరమ్మతు నిషేధము.”

అప్పుడు నా నోటివెంట ఒక మాట వచ్చింది. ముప్ఫయ్యొక్కేళ్ళలో ఎన్నో నోట్లు రాశాను. అన్నీ ఎందుకు చెయ్యకూడదో చెప్పేవే. చెయ్యడానికి దారి చూపించేది ఇదే మొదటిది.

“మరమ్మతు అని ఎవరన్నారు సార్? ఇది రిహార్సలు సామగ్రి. పర్యటన నిమిత్తం సాన్ మాలో గోడను తాత్కాలికంగా పోలమ్మరేవులో ఏర్పాటు చేసుకోవడం. వారసత్వ నిబంధనల్లో మరమ్మతు మీద నిషేధం ఉంది గానీ, రిహార్సలు మీద లేదు.”

ఏకాంబరం గారు పుస్తకం మొదట్నుంచీ తిరగేశారు. చివర్నుంచీ తిరగేశారు. “నిషేధము కనబడుటలేదు” అని ఒప్పుకున్నారు.

డైరెక్టరు గారు గుట్ట మీంచి దిగ్గున లేచారు. “ఇంజనీరు గారూ! ఎన్ని రోజులు?”

మా ఇంజనీరు మస్తాన్ వలీ గారు నెమ్మదస్తుడు. ఆరేళ్ళుగా ఆయన బల్ల సొరుగులో ఈ గోడ కొలతలు పెట్టుకుని కూచున్నారని అప్పుడు తెలిసింది మాకు. “పడిన రాళ్ళన్నీ ఇక్కడే ఉన్నాయి సార్. సిమెంటు వద్దు. గుల్లసున్నం కావాలి, బెల్లంనీళ్ళు, కరక్కాయ. అప్పటివాళ్ళు వాడినవే. మనుషులుంటే రెండు నెలలు” అన్నారు.

“గుల్లసున్నం మా మావ కాల్సేవోడు,” అంది ముత్యాలమ్మ. “బట్టీ పెట్టడం నాకు తెలుసు. మనుసులా? పేటంతా లేదేటి?”

“ఫ్రెంచి పౌరులు గోడ కట్టవచ్చునా?” అని ఏకాంబరం గారికి సందేహం వచ్చింది.

“సాన్ మాలో గోడ కట్టింది ఫ్రెంచివాళ్ళే కదండీ” అన్నాను. ఆయన రాసుకున్నారు.

ఆగస్టు మొదట్లో పని మొదలైంది. పేటలో పిల్లాజెల్లా ఒడ్డంట గుల్లలేరారు. ముత్యాలమ్మ బట్టీ పెట్టింది. గానుగలో సున్నం తిరుగుతుంటే బెల్లం వాసన ఆఫీసు దాకా వచ్చేది. మస్తాన్ వలీ గారు ఆఫీసుకి రావడమే మానేశారు. మోకాళ్ళ దాకా సున్నంతో, తాటాకు టోపీతో, పదేళ్ళు చిన్నవాడైపోయినట్టు కనిపించేవారు. డైరెక్టరు గారి ఉత్సాహానికైతే పగ్గాలు లేవు. రోజూ పొద్దున్నే సాన్ మాలో బొమ్మ పట్టుకుని గోడ దగ్గర ప్రత్యక్షం. “ఆ మూల ఇంకొంచెం ఫ్రెంచిగా ఉండవలె” అనేవారు.

“ప్రెంచీ అంటే ఎలగ బాబూ?” అని తాపీవాళ్ళడిగేవారు.

“ఊడకుండా ఉండుట” అని మస్తాన్ వలీ గారు చెప్పేవారు.

ఆ రెండు నెలల్లో ముత్యాలమ్మ సోమవారం అర్జీ తేలేదు. నాకు చెయ్యి ఊరుకోక రసీదు పుస్తకం తీసి మళ్ళీ లోపల పెట్టేదాన్ని. ఆమెనడిగితే, “ఇంకా అర్జీ ఏటమ్మా, పనుంది” అని కసిరింది. కానీ సాయంత్రాలు గండి ఎంత పూడిందో తన గడపలో నిలబడి కొలుచుకునేది. ముందు సముద్రమంతా కనిపించేది. తర్వాత సగం. తర్వాత ఓడ తెరచాప పైకొన. “ఎప్పుడు కనపడదో ఆరోజు కంటినిండా తొంగుంటాను” అంది.

సెప్టెంబరాఖరుకి మూడు గండ్లూ పూడాయి. ఇక రిహార్సలే అనుకుంటుండగా ఏకాంబరం గారు కొత్త లోపం పట్టారు.

“సాన్ మాలోలో ఆటుకీ పోటుకీ నలభై అడుగుల దాకా తేడా ఉండునని మీ ప్లానులోనే ఉన్నది. ఇక్కడ అయిదడుగులు దాటుటలేదు. సముద్రము సదృశముగా లేదు.”

“సముద్రాన్ని ఏం చేస్తామండీ?” అన్నాను.

“తగు శాఖకు రాయండి.”

రాశాను. ఏం చెయ్యను? ‘పైన తెలిపిన రిహార్సలు నిమిత్తం పోలమ్మరేవు వద్ద సముద్రమును ఒక్కరోజు పాటు, ఉదయం పది గంటల నుంచి పదకొండున్నర వరకు, ముప్ఫయ్యైదు అడుగులు పెంచవలసినదిగా ప్రార్థన’ అని డైరెక్టరు గారి సంతకంతో వెళ్ళింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ‘మీ విన్నపము పరిశీలనలో ఉన్నది. సాధ్యమైనంత మేరకు ఏర్పాటు చేయబడును.’ ఎవరు ఏర్పాటు చేస్తారో అందులో లేదు.

అక్టోబరులో పున్నమికి రెండ్రోజుల ముందు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. అది ఎటో ఉత్తరానికి పోతుందని, అయినా మన తీరంలో కెరటాలు లేస్తాయని, పేటవాళ్ళంతా బడిలోకి వెళ్ళాలని దండోరా వేశారు. అందరూ వెళ్ళారు. ముత్యాలమ్మ వెళ్ళనంది. వంట సామాన్లూ, పెళ్ళినాటి పెట్టే మనవల చేత బడికి పంపించి, తాను మాత్రం మా ఆఫీసు వరండాలో చతికిలబడింది. అక్కణ్ణుంచి ఆమె ఇల్లూ కనిపిస్తుంది, గోడా కనిపిస్తుంది.

“పోతే నా కళ్ళముందే పోనీ. నేనెనక్కి తిరిగుండగా పోకూడదు” అంది. ఫైళ్ళు వదిలేసి నేనూ ఆమె పక్కన కూచున్నాను.

సరిగ్గా ఆ రోజుకే రిహార్సలు ముందుగా ఖాయమై ఉంది. ఎట్టి మార్పునకూ తావులేదు కదా! పదయ్యేసరికి ఏకాంబరం గారు గొడుగు కింద నిలబడి గడియారం చూశారు. అధికారులు గోడ ఎక్కబోతే మస్తాన్ వలీ గారు మెట్ల కడ్డంగా నిలబడ్డారు. “సార్, గోడకి పరీక్ష గోడనే రాయనివ్వండి. మనం ఇవాళ వరండా మీంచి అవలోకిద్దాం” అన్నారు. “సాన్ మాలోలో కూడా పోటు సమయాన గోడ మీదికి రానివ్వరేమో” అని నేను ఒక మాట కలిపాను. ఏకాంబరం గారికి అది నచ్చింది.

పదీ పదికి మొదటి పెద్ద కెరటం వచ్చింది. గోడకి తగిలి, గోడకి రెండింతలెత్తు లేచి, ఆ నీరంతా తిరిగి సముద్రంలోనే పడింది. గోడ వెనక అరుగు మీద ముత్యాలమ్మ మర్చిపోయిన చేపల బుట్ట కదల్లేదు. రెండో కెరటం. మూడోది. నేను లెక్కపెట్టడం మానేసి ముత్యాలమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుందో, నా ఎముకలు విరిచిందో చెప్పలేను. మస్తాన్ వలీ గారు పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నారు. డైరెక్టరు గారు కంగారులో గోడతో, “పట్టు, పట్టు, తల్లీ!” అంటున్నారు. ఆ మనిషి నోట మామూలు తెలుగు వినడం అదే మొదలు.

గంటకి పైగా గడిచింది. పదకొండున్నరకి పోటు తీసింది. ముత్యాలమ్మ లేచి, చీర ఎగదోపుకుని, గబగబా నడిచి తన ఇంటికి వెళ్ళింది. వెనకాలే నేను. ఆమె వంగి గడప మీద అరచెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసి నాకు చూపించింది.

“పొడిగుంది, రత్నమ్మా. నా గడప పొడిగుంది!”

అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తొమ్మిదేళ్ళ రసీదులు, నా చేత్తో రాసిన ఆ నోటీసు గుర్తొచ్చి మరీ ఏడ్చాను. గౌరీసు కూడా ఏడ్చాడు. వాడికి ఎవరేడ్చినా ఏడుపొస్తుంది.

ఏకాంబరం గారు మాత్రం పుస్తకం మూస్తూ, “సముద్రము కూడా సంతృప్తికరముగా ఏర్పాటు చేయబడినది. సంబంధిత శాఖను అభినందించవచ్చును” అని ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు.

ఇంక పాస్‌పోర్టులు రావడమే తరువాయి. డైరెక్టరు గారు పెట్టె సర్దేశారు. నవంబరు రెండో వారంలో రాజధాని నుంచి కవరొచ్చింది. ఆయనే తెరిచారు. చదివి నాకిచ్చేశారు. చదువుతుంటే నాకే జాలేసింది.

‘రిహార్సలు నివేదిక సమగ్రముగా పరిశీలించడమైనది. పర్యటన ద్వారా ఆశించిన లక్ష్యములన్నియు రిహార్సలుయందే నెరవేరినట్లు స్పష్టమగుచున్నందున, అధికారులు ఫ్రాన్సు వెళ్ళి వచ్చినట్లుగా భావించడమైనది. సదరు అధికారులు ఇకపై విదేశీ పద్ధతులను కన్నులారా పరిశీలించినవారుగా పరిగణింపబడుదురు.’

మూడు రోజులు డైరెక్టరు గారు ఒక్క ఫైలు మీద సంతకం పెట్టలేదు. కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ, స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని కూచునేవారు. గది బయట మిగతా అధికారులు పరామర్శకొచ్చినట్టు కూచునేవారు. నాకూ దిగులేసింది. ఎంత కాదన్నా పన్నెండు పేజీల ప్లాను.

నాలుగో రోజు సోమవారం. ముత్యాలమ్మ వచ్చింది. ఒక చేతిలో చేపల పులుసు గిన్నె, రెండో చేతిలో కాగితం. నేను అలవాటు కొద్దీ రసీదు పుస్తకం తీశాను. “అది కాదమ్మా” అని నేరుగా డైరెక్టరు గారి గదిలోకే వెళ్ళింది. నేను వెనక పరుగెత్తాను.

“పులుసు తెచ్చినాను బాబూ, తినండి. మొకం అలగ పెట్టుకోకండి” అని గిన్నె బల్ల మీద పెట్టింది. “ఆ దేసం మీరెళ్ళొచ్చీసినట్టే అన్నారటగా?”

“అవునమ్మా. వెళ్ళి వచ్చినట్టే” అన్నారాయన నీరసంగా.

“ఆ మూడూళ్ళే కదా ఎళ్ళొచ్చినట్టు? ఆ దేసంలో ఇంకూళ్ళు లేవేటి?”

డైరెక్టరు గారు ఆమె వంక చూశారు.

“కుళాయిలున్న ఊరు,” అంది ముత్యాలమ్మ. “పొద్దున్నా సాయంత్రం నీళ్ళొచ్చే కుళాయిలు. పేటకి మైలు దూరం నుంచి మోసుకుంటన్నాం. మీరా ఊరెళ్ళి పైపు తిప్పాలంటే ముందు ఇక్కడ తిప్పడం నేర్సుకోవద్దా బాబూ? తిప్పితే నీళ్ళు రాకపోతే ఆ ఏకాంబరం బాబు రాసీడూ, విఫలమని?”

డైరెక్టరు గారు స్వెట్టరు మడత విప్పి చూసుకున్నారు. మళ్ళీ మడత పెట్టారు. ఆయన గొంతులోకి పూర్వపు గాంభీర్యం కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది.

“శేషారత్నం గారూ! ఫ్రాన్సు దేశమందలి తీరపట్టణముల తాగునీటి ఏర్పాట్లు. అయిదు రోజులు, మూడు పట్టణములు. ప్లాను వేయండి.”

“ఈసారి నా పేరు కూడా జాబితాలో వేస్తాను సార్.”

“తప్పక వేయండి. రిహార్సలుకు మనుషులు కావలె కదా.”

నేను పటం తెచ్చి ముత్యాలమ్మ ముందే బల్ల మీద పరిచాను. ఆమె కాగితం నాకిచ్చింది. ఎప్పటిలా అర్జీ కాదది. మనవరాలి చేత రాయించిన జాబితా. మొదట కుళాయి. దాని కింద బడి పైకప్పు, ఆస్పత్రికి రోడ్డు, వీధి దీపాలు, ఇంకా ఏవేవో, కాగితం వెనక్కి కూడా తిరిగింది.

ముత్యాలమ్మ పటం మీద వంగి, ఆ దేశం ఒడ్డంతా వేలు పెట్టి నెమ్మదిగా కొలిచింది.

“ఈ దేసం పెద్దదేనేటమ్మా?”

“పెద్దదే.”

“అయితే సరిపోతాది” అని తృప్తిగా తలూపి, డైరెక్టరు గారికి పులుసు వడ్డించింది.